గడ్డంవాడు

ఆ ఎండాకాలం గొర్రెలు లేని మనుషులు మా మేతకి ఎక్కారు.

మంచు కరిగి తాష్-ఓరో వాగు ఇంకా బురదగా పారుతున్న రోజులు. మేము గుడారానికి కర్రలు నిలబెట్టి, మీద ఉన్ని కప్పి, తాళ్ళు బిగిస్తున్నాం. ఒక పాత వ్యాను రొప్పుతూ వచ్చి వాగుకి అవతల ఆగింది. అందులోంచి దిగినవాళ్ళు ఒళ్ళు విరుచుకోలేదు, టీ పెట్టుకోలేదు. నేల మీద మోకాళ్ళేసి, ఏదో జంతువు పేడని పుల్లతో కదిపి చూసి, చిన్న సంచీలో వేసుకున్నారు.

మా ఆయన పోయాక మా ఇంటికి పెద్దదిక్కు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. ఆయన తెల్లగడ్డం నిమురుకుంటూ చాలాసేపు వాళ్ళని చూశారు.

“బంగారం కోసమే,” అన్నారు.

“పేడలోనా బావగారూ?”

“నీకు తెలీదు కోడలా. ముందు పేడ అంటారు. తర్వాత రాయి అంటారు. ఆ తర్వాత మనల్ని కొండ దిగమంటారు.”

నాకు తల నెరిసినా, పళ్ళు రెండు ఊడినా, ఆయనకి నేను ఆ గడప కొత్తగా దాటిన కోడలినే.

సాయంత్రం రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన పిల్ల ఒకత్తె టీ పొట్లం, మిఠాయిలు పట్టుకుని మా గుడారానికి వచ్చింది. పేరు బేగిమాయ్. పరదేశం వాళ్ళ మాట మాకు, మా మాట వాళ్ళకి చెప్పడం తన పని. ఈ కొండల్లో అడవి జంతువులు ఎన్ని మిగిలాయో చూడ్డానికి వచ్చారట. జీతం లేదట. తమ సెలవలు, తమ ఖర్చు.

“ఊరికే వచ్చేవాడు ఊరికే పోడు,” అన్నారు బావగారు, ఆ పిల్ల పోసిన టీ తాగుతూనే.

వాళ్ళలో హెంక్ అని ఒక పొడుగాటి ముసలాయన ఉన్నాడు. గడ్డం గుండెల దాకా ఉంది. వెంట కూతురు లీకే. తండ్రీకూతుళ్ళు ప్రతి ఏడూ సెలవలకి ఇలాగే ఎక్కడో ఒకచోట కొండలెక్కుతారని బేగిమాయ్ చెప్పింది.

“తండ్రి కూతుర్ని షికారుకి తీసుకొచ్చి పేడ ఏరిస్తాడా? ఆ పిల్లకి పెళ్ళెలా అవుతుంది?” అన్నారు బావగారు. బేగిమాయ్ ఆ మాట అటు చేరవేయలేదు.

వాళ్ళకి దారి చూపించడానికి, గుర్రాలు నడిపించడానికి మనిషి కావాలన్నారు. నా కొడుకు సిమిక్ కుదిరాడు. వాడు అంతకుముందు చలికాలమే మాస్కో నుంచి తిరిగొచ్చాడు, గడ్డం పెంచుకుని. వాడి పెళ్ళాం నర్గీజా మాత్రం అక్కడే బట్టలు కుట్టే చోట ఉండిపోయింది. ఎందుకు రాలేదని నేనడగలేదు. వాడు చెప్పలేదు.

వాడు మాస్కో వెళ్ళిన ఏడే నేను అక్షరాలు నేర్చుకున్నాను. చిన్నప్పుడు బడిలో నా పేరుండేది, నేను మాత్రం జడలబర్రెల వెనక ఉండేదాన్ని. కొడుకు ఫోనుకి పంపే మాటలు ఇరుగుపొరుగు చేత చదివించుకోవడం ఇష్టం లేక యాభై దాటాక మొదలుపెట్టాను. పలక లేదు. రొట్టె చేసే చెక్క మీద పిండి పరిచి వేలితో దిద్దేదాన్ని. ఇప్పటికీ కలం పట్టుకుంటే నా రాత వంకర్లు పోతుంది. వేలితో అయితే తిన్నగా వస్తుంది.

గడ్డం సంగతి నాకు దిగులుగానే ఉండేది. కింద జిల్లా కేంద్రానికి వెళ్ళినప్పుడల్లా పోలీసులు వాణ్ణి ఆపుతున్నారు. ఎక్కడ పెరిగింది, ఎందుకు పెరిగింది, ఎవరు పెంచమన్నారు అని. పడుచువాడి గడ్డం చూస్తే వాళ్ళకి సరిహద్దు దాటొచ్చే తుపాకీ మూకలే గుర్తొస్తాయి.

“తీసెయ్యరా నాయనా.”

“హెంక్‌ని తీసెయ్యమనమ్మా ముందు.”

“ఆయనది పరదేశం గడ్డం రా.”

వాడు నవ్వాడు. గుర్రప్పాలు తోలుతిత్తిలో పోసి చిలుకుతున్నాను నేను. వాడు నా చేతిలో కవ్వం తీసుకుని తను చిలకడం మొదలుపెట్టి, తిత్తి లోపలికి చూస్తూ అన్నాడు:

“ఆకురాలే కాలానికి ఈ లోయకి ఒక అటవీ కాపలాదారుని పెడతారటమ్మా. బేగిమాయ్ వాళ్ళు నా పేరు చెప్తామన్నారు. ఆ ఉద్యోగం వస్తే నర్గీజా వచ్చేస్తానంది.”

అప్పుడు తెలిసింది నాకు, వాడు పేడ సంచీలు అంత జాగ్రత్తగా ఎందుకు మోస్తున్నాడో.

ఆ వచ్చినవాళ్ళు అరచేతులంత పెట్టెలు తెచ్చి కొండరాళ్ళకి పట్టీలతో కట్టారు. ఎదుట ఏది కదిలినా పెట్టె దానంతటదే ఫొటో తీస్తుందట. ఒకటి మా గుడారానికి పైనున్న ఉప్పురాయి దగ్గర కట్టారు. ఆ రాతిలో ఉప్పు ఊరుతుంది, అడవి జంతువులు నాకడానికి వస్తాయి. మా వాళ్ళకి కూడా ఆ పక్కనే కొన్ని అవసరాలుంటాయి. చుట్టుపక్కల చాటున్న చోటు అదొక్కటే.

“మమ్మల్ని కూడా తీస్తుందా అది?” అడిగాను బేగిమాయ్‌ని.

“తీస్తుంది పెద్దమ్మా. కానీ మనుషుల ఫొటోలు తుడిచేస్తాం.”

“తుడిచేముందు చూస్తారుగా.”

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. జీనుకి కుట్లు వేసుకుంటున్న బావగారు తలెత్తి ఇటు చూశారు.

ఒక పొద్దున నేను గుర్రాల పాలు తీస్తుంటే బేగిమాయ్ వచ్చి పక్కన కూర్చుంది. ఫోను మోకాలి మీద పెట్టుకుంది, నా మాటలు పట్టుకోవడానికి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఇంటి కోడలు అత్తమామల పేర్లు, భర్త అన్నల పేర్లు నోటితో పలకదు. పేరు ఒక్కటే కాదు, ఆ పేరులో ఇమిడిన మాట కూడా పలకదు. మా మామగారి పేరులో ఇనుము ఉంది, అందుకని ఇనుముని నేను ‘నల్లది’ అంటాను. బావగారి పేరులో ఈ కొండల్లో తిరిగే అడవి మేకపోతు ఉంది. వెనక్కి తిరిగిన పెద్ద కొమ్ములు, గడ్డం కింద ఇంత పొడుగు గడ్డం. దాన్ని నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ‘గడ్డంవాడు’ అనే అంటున్నాను. ఈ కాలం కోడళ్ళు అన్నీ పలికేస్తున్నారు. నాకు నాలుక తిరగదు. ఇంట్లో అందరికీ ఇది అలవాటే. పట్నం పిల్లకి తెలియదేమోనని నాకు తోచనే లేదు.

“ఉప్పురాయి దగ్గరికి ఎవరొస్తుంటారు పెద్దమ్మా?”

“గడ్డంవాడు వస్తాడు. తెల్లారేసరికి అక్కడుంటాడు.”

“ఒక్కడేనా?”

“వాడొక్కడే. ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని వేరేగా వస్తారు. వాళ్ళు వెళ్ళాక వాడొస్తాడు. వచ్చి ముందు నాలుగు దిక్కులూ చూసుకుంటాడు.”

“ఎవరైనా వస్తారనా?”

“తుపాకీ భయం ఉంటుందిగా పాపం.”

ఆ పిల్ల కొంచెం దగ్గరికి జరిగింది. “మీకు భయం లేదా?”

“వాడంటే నాకేం భయం? వాడే నన్ను చూసి పరుగెడతాడు.”

“మా పెట్టె దగ్గరికి వెళ్ళాడా ఎప్పుడైనా?”

“వెళ్ళకేం. నిన్న దాని ముందే నిలబడి చాలాసేపు చూశాడు. నచ్చినట్టు లేదు వాడికి.”

బేగిమాయ్ ఫోను ఆపి జేబులో పెట్టుకుంది. పాలు ఇచ్చాను. తాగకుండానే లేచి వెళ్ళింది. ఈ పట్నం పిల్లలకి గుర్రప్పాలు పడవు కాబోలు అనుకున్నాను.

తర్వాత వాళ్ళు వ్యానులో పక్కలోయకి వెళ్ళి కొన్నాళ్ళుండి వచ్చారు. గుర్రాల పని లేక సిమిక్ మా దగ్గరే ఉండిపోయాడు. వచ్చి చూస్తే ఉప్పురాయి దగ్గర పెట్టె లేదు. పట్టీ మాత్రం వేలాడుతోంది. సిమిక్ దాన్ని పట్టుకుని చూసి, “కొరికింది కాదు. కత్తితో కోసింది,” అన్నాడు. వాడే ముందు ఆ మాట అన్నాడు. తర్వాత అది వాడికే చుట్టుకుంది.

ఆ రోజు నుంచి అన్నీ మారిపోయాయి. వాగుకి అవతల వాళ్ళు వ్యానుకి తాళం వేయడం మొదలుపెట్టారు. రోజూ మా గుడారానికి వచ్చి నూనెలో వేయించిన బోర్సోకు రొట్టెముక్కలు నమిలి, గుర్రప్పాలు తాగి పాల మీసం తుడుచుకునే లీకే రావడం మానేసింది. హెంక్ ఎదురైతే టోపీ తాకి పక్కకి తప్పుకునేవాడు. సిమిక్‌ని గుర్రాలకి పిలుస్తున్నారు గానీ సంచీలు మోయమనడం లేదు.

“చెప్పానా? ముందు పేడ, తర్వాత దొంగ,” అన్నారు బావగారు. ఆయనకి అప్పుడే మోకాలు నొప్పి కూడా పట్టుకుంది. ఉప్పురాయి వైపు ఎక్కలేనని మందని వాగు దిగువకి తోలుకెళ్ళేవారు.

నిజం చెప్పాలంటే నాకూ కొడుకు మీద అనుమానం వచ్చింది. వాడు ఇంకా వెలుగు రాకముందే లేచి ఎటో పోతున్నాడు. తిరిగొచ్చేసరికి మోకాళ్ళు తడిసి ఉంటున్నాయి. వాడు మందలో ఉండగా వాడి జీను సంచీ తీసి చూశాను. కొంచెం ఉప్పు, ఒక తాడు, నర్గీజా పాత తలగుడ్డ. అంతే. గుడ్డని మళ్ళీ మడిచి పెట్టేశాను.

సాయంత్రం వాడు సంచీ విప్పి నా వైపు చూశాడు.

“నా సంచీ ఎవరు తీశారమ్మా?”

“ఎలకేమో.”

“ఎలకకి మడతలు పెట్టడం ఎప్పుడొచ్చింది?”

దాక్కోవడానికి చోటు లేకపోయింది. అడిగేశాను. “తెల్లారకుండా ఎక్కడికి పోతున్నావురా?”

“కొండకొమ్ముకి. అక్కడే ఫోను పలుకుతుంది. పనికి పోకముందైతే నర్గీజా దొరుకుతుంది.”

“మోకాళ్ళెందుకు తడుస్తున్నాయి?”

“నిలబడితే మాట తెగిపోతోందమ్మా. బండ కింద మోకాళ్ళ మీద కూర్చుంటేనే వినిపిస్తుంది.” సంచీ మూతి బిగించి అన్నాడు, “నువ్వూ వాళ్ళలాగే చూస్తున్నావు నన్ను.”

“లేదురా” అన్నాను. నమ్మాను కూడా. కానీ మర్నాడు వాడు కొమ్మెక్కుతుంటే గుడారం పక్కన నిలబడి, అక్కడే ఆగుతాడా, దాటి పోతాడా అని చూస్తూనే ఉన్నాను.

పోలీసు కారు మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఒక పడుచు అధికారి, వెనక సీట్లో బేగిమాయ్. పెట్టె పోతే పైవాళ్ళకి తెలపాల్సిందేనట, తెలిపిందట, నా మాటలతో సహా. ఇది సరిహద్దు కొండ. పెట్టె కోసమైతే వాళ్ళు ఇంత తొందరగా వచ్చేవారు కాదు.

ఇంటికొచ్చినవాడు ఎవడైనా ముందు రొట్టె ముట్టుకోవాలి. గుడ్డ పరిచాను. బావగారు గుమ్మానికి ఎదురుగా పెద్దల చోట కూర్చున్నారు. అధికారి రొట్టె తుంచాడు, టీ తాగాడు, మేత బాగుందా అన్నాడు. తర్వాత మూతి తుడుచుకుని అడిగాడు:

“పైన గడ్డాలవాళ్ళు ఎంతమంది మకాం వేశారు?”

“ఎవరు?” అన్నాను.

“ఆడవాళ్ళు, పిల్లలు కూడా ఉన్నారటగా. తెల్లారేసరికి వస్తాడట. తుపాకీకి భయపడతాడట. మీకు మాత్రం భయం లేదట.”

ఫోను తీసి గుడ్డ మీద పెట్టి నొక్కాడు. అందులోంచి నా గొంతు వచ్చింది. వాడంటే నాకేం భయం, వాడే నన్ను చూసి పరుగెడతాడు. నా మాటలు నాకే ఎవరో కొండదొంగల పెళ్ళాం మాటల్లా వినిపించాయి.

అప్పుడే సిమిక్ గుమ్మంలోకి వచ్చాడు, చేతిలో కళ్ళెంతో. అధికారి వాడి గడ్డం చూశాడు.

“ఈయనెవరు?”

“నా కొడుకు.”

“అదీ సంగతి. అందుకే భయం లేదు.”

“అయ్యో బాబూ, అది మనిషి కాదు! జంతువు.”

“జంతువు పట్టీని కత్తితో కోసిందా?”

“కోసింది ఎవరో నాకు తెలీదు. నేను ఆ రోజు చెప్పింది మాత్రం జంతువు సంగతి. ఈ కొండల్లో ఉంటుంది. కొమ్ములుంటాయి.”

“మొన్న ఆడవాళ్ళు, పిల్లలు. ఇవాళ కొమ్ములు. రేపు తోక కూడా వస్తుందేమో. దాని పేరేంటి?”

సిమిక్ ఆ పేరు చెప్పాడు. “మా అమ్మ ఆ మాట పలకదు సార్. పెద్దల పేరు కలిసింది.”

“నిన్నడగలేదు. నువ్వు అలాగే చెప్తావు, అది నీ మెడకి సంబంధించింది.” అధికారి ఫోనుని నా వైపు జరిపాడు. “పెద్దావిడా, గడ్డంవాడు అన్నది మీరు. అది ఏమిటో మీ నోటితోనే చెప్పండి. నాకు అంత చాలు.”

నేను బావగారి వైపు చూశాను.

ఆయన ఒక్క మాటంటే అయిపోయేది. ‘మా కోడలు నా పేరు పలకదు’ అంటే చాలు, తెల్లగడ్డం పెద్దమనిషి మాటని ఆ పడుచువాడు కొట్టిపారేసేవాడు కాదు. ఆయన రొట్టె ముక్క తుంచి టీలో వేసుకున్నారు. అది మునిగిందాకా చూసి, ఇంకో ముక్క తుంచారు. కళ్ళెత్తలేదు. వీడే తీశాడని ఈయన కూడా అనుకుంటున్నారా? తమ్ముడి కొడుకు మీదే అనుమానమా? గుడారంలో అందరూ ఒకరినొకరు చూస్తున్నారు, ఆయన ఒక్కరే టీ కప్పుని చూస్తున్నారు.

“చెప్పండి పెద్దమ్మా,” అంది బేగిమాయ్, ఏడుపు గొంతుతో.

నోరు తెరిచాను. గాలి వచ్చింది. మాట రాలేదు. ఎదురుగా ఆయన్ని పెట్టుకుని ఆ మాట అనడం, ఆయన ముందు తలగుడ్డ తీసి విసిరేసినట్టే.

“సరే,” అధికారి లేచాడు. “పద తమ్ముడూ. గడ్డం సంగతి కింద మాట్లాడుకుందాం.”

సిమిక్ కళ్ళెం మేకుకి తగిలించి కోటు వేసుకున్నాడు. గుమ్మం దాటుతూ, “బూడిదరంగు గుర్రానికి కాలు వాచింది. పాలు తీసేటప్పుడు అటువైపు నిలబడకమ్మా,” అన్నాడు. ఉద్యోగం పోయిందని, దాంతో నర్గీజా కూడా పోయిందని వాడి వీపు చూస్తే తెలుస్తోంది.

వెనకే నేనూ బయటికొచ్చాను. కారు కింద నుంచి ఇక్కడి దాకా మట్టి దారిలో వచ్చింది. వెనక అద్దం నిండా దుమ్ము. పిండిలాగే మెత్తగా, చదునుగా ఉంది.

నోటితో పలకకూడదనే మా అత్తగారు చెప్పింది. వేలి సంగతి ఎవరూ చెప్పలేదు.

రాశాను. మా అక్షరాల్లో నాలుగు. తిన్నగానే వచ్చాయి.

తేకే.

అధికారి కారు తలుపు పట్టుకుని వంగి చూశాడు. “తేకే?” అని పైకి చదివాడు. “మేకపోతా?”

బేగిమాయ్ రెండు చేతులతో నోరు మూసుకుంది. “అయ్యో పెద్దమ్మా… గడ్డం… మా నాయనమ్మ కూడా ఉప్పుని ఉప్పు అనేది కాదు. నాకు తట్టనే లేదు…” నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

నేను వెనక్కి తిరిగాను. బావగారు నా వెనకే ఉన్నారు. నెత్తిన టోపీ లేదు. ఆయన పూర్తి పేరు తేకేబాయ్. కానీ వాళ్ళమ్మ ఉన్నంతకాలం అంత పొడుగున పిలవలేదు. ఆ నాలుగు అక్షరాల వరకే పిలిచేది.

ఆయన అద్దం చూశారు. తర్వాత నన్ను చూశారు.

“ఎప్పుడు చూశావు కోడలా?” అన్నారు, చాలా మెల్లగా.

“దేన్ని బావగారూ?”

ఆయన పక్కనున్న తన గుడారంలోకి వెళ్ళారు. మోకాలు నొప్పి ఉన్నట్టు లేదు నడక. జీను కింద పరిచే కంబళి ముక్కలో చుట్టిన పెట్టె తెచ్చి, కారు ముందు భాగం మీద పెట్టారు.

“పిల్లాణ్ణి దించు,” అన్నారు.

అధికారికి ఏం చేయాలో తోచలేదు. తాత వయసు మనిషి. “ఎందుకు తీశారు తాతా?”

“అది నన్ను చూసింది.”

ఎంత అడిగినా చెప్పలేదు. చివరికి బేగిమాయ్, పెట్టె దొరికింది కాబట్టి మాకు ఇంకే ఫిర్యాదూ లేదంది. కారు వెళ్ళిపోయింది. మలుపు తిరిగేదాకా అద్దం మీద నా రాత కనిపిస్తూనే ఉంది.

హెంక్ వాగు దాటొచ్చి సిమిక్ చేయి పట్టుకుని ఊపాడు, చాలాసేపు. లీకే వచ్చి గుర్రప్పాలు అడిగి మరీ తాగింది. సంచీలు మళ్ళీ సిమిక్ భుజానికెక్కాయి. సిమిక్ అందరితో మామూలుగానే ఉన్నాడు గానీ, ఆ తర్వాత వాళ్ళు పాటలు పాడుతూ పిలిచినా వాగుకి అవతల కూర్చోలేదు.

రెండు రోజులాగి బేగిమాయ్ తన చిన్న కంప్యూటరు తెచ్చి నన్ను గుడారం వెనక్కి పిలిచింది. పెట్టెలో ఏముందో చూపించింది. గడ్డంవాడు. ఎగాదిగా చూస్తున్న గడ్డంవాడు. ముక్కు పెట్టెకి ఆనించిన గడ్డంవాడు. ఆడవాళ్ళు, పిల్లలు. మా నల్లమచ్చ గుర్రం. ఆ తర్వాత మా బావగారు.

రాయి చాటున గొంతుక్కూర్చుని ఉన్నారు. పంట్లాం మోకాళ్ళ దగ్గరుంది. అప్పుడే పెట్టెని చూసినట్టున్నారు. ఒక చేత్తో తెల్ల ఉన్ని టోపీ తీసి దానికి అడ్డం పెట్టబోతున్నారు. టోపీ కన్నా ఫొటో ముందు పడింది.

నవ్వు ఆపుకోలేకపోయాం. ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వాం. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని ఏదో నొక్కింది, బొమ్మ పోయింది.

“తుడిచేశాను పెద్దమ్మా.”

“తుడిచేముందు చూశాంగా,” అన్నాను.

నవ్వు తగ్గాక మాత్రం ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. దీని కోసమా ఆయన టీలో రొట్టె నానేసుకుంటూ కూర్చున్నది? నా కొడుకు కోటు వేసుకుంటుంటే?

ఆ వారమే బావగారు తన గుడారం విప్పి వాగుకి దిగువన వేసుకున్నారు. అక్కడ గడ్డి బాగుందన్నారు. అక్కడ గడ్డి లేదు. రోజూ రొట్టె పంపేదాన్ని, సిమిక్ పట్టుకెళ్ళేవాడు. ఖాళీ పళ్ళెం వచ్చేది, మాట వచ్చేది కాదు. నేను రాసింది జంతువు పేరేనని సిమిక్ చేత చెప్పించాను. ఆయన విని, “అలాగే చెప్పమంటుంది మరి,” అన్నారట. నేను కొండ మీద నుంచి అంతా చూశాననీ, చూసి కడుపులో దాచుకుని సమయం చూసి పేరు పెట్టి పట్టించాననీ ఆయన నమ్మకం. నేను గడ్డంవాణ్ణి తప్ప ఎవర్నీ చూడలేదు. ఆ అక్షరాలు చూసి ఆయనే భుజాలు తడుముకున్నారు.

గడ్డి పసుపుతిరిగే వేళకి సిమిక్‌కి కబురొచ్చింది. ఉద్యోగం ఇస్తామన్నారు, గడ్డం తీసి రమ్మన్నారు. వాడు వాగు నీళ్ళలో ముఖం తడుపుకుని నా ముందే గీసుకున్నాడు. గడ్డం కింద నుంచి బయటపడిన ముఖం చిన్నపిల్లాడిలా, కొంచెం పాలిపోయి ఉంది. తీసెయ్యమన్నది నేనే కదా. కాపలాదారు ఆకుపచ్చ కోటు తొడుక్కుని కొండకొమ్మెక్కి నర్గీజాకి చూపించి వచ్చాడు. ఆ రోజు వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడో లేదో నేను చూడలేదు. అటు తిరగలేదు.

మొదటి మంచు పడకముందే దిగిపోవాలి. గుడారాలు విప్పి గుర్రాలకెత్తాం. మంద ముందు నడుస్తోంది. ఇరుకు దారి వెడల్పైన చోట బావగారి గుర్రం నా గుర్రం పక్కకి వచ్చింది. అన్ని వారాల తర్వాత మొదటిసారి.

ఉప్పురాయి కనుమరుగయ్యే మలుపు దగ్గర అటు ఓసారి చూశారు.

“కోడలా.”

“చెప్పండి బావగారూ.”

“ఆ రోజు అద్దం మీద రాసింది నన్నా, దాన్నా?”

‘దాన్నే’ అని ఊరుకుంటే అబద్ధంలా ఉంటుంది. దాని పేరు పెట్టి చెప్తే ఆయన నమ్మేవారేమో. ఆ పేరు నా నోటికి రాదు. నాకున్న మాట ఒక్కటే, అదే అన్నాను.

“గడ్డంవాణ్ణి, బావగారూ.”

ఆయన గుర్రం నాలుగడుగులు వేసింది. గాలికి చెదిరిన తెల్లగడ్డాన్ని ఆయన అరచేత్తో కిందికి సవరించుకున్నారు.

“నాకూ ఉంది కదమ్మా గడ్డం,” అన్నారు.

నవ్వుతూ అన్నారేమోనని తిరిగి చూశాను. అప్పటికే టోపీని ముఖం మీదికి లాక్కున్నారు.